మొదటి అలను వదిలెయ్

సుమకు బస్సెక్కడం వచ్చు. తన గురించి ఆమె చెప్పుకునే గొప్ప అదొక్కటే. ఫార్మసీ కాలేజీ కోసం జనగామ నుంచి హనుమకొండకు నాలుగేళ్ళు తిరిగింది. ఆ నాలుగేళ్ళలో ఒక్క రోజు నిలబడి ప్రయాణం చేసింది లేదు. బస్సు స్టాండులోకి మలుపు తిరగ్గానే దాని పక్కన పరుగు, కిటికీలోంచి సీటు మీదికి చేతిరుమాలు, ఆగకముందే ఫుట్‌బోర్డు మీద కాలు. వెనకాల ఇంకో బస్సుంది కదా, నెమ్మదిగా పోదాం అనే స్నేహితురాళ్ళను చూస్తే ఆమెకు జాలేసేది. వెనకాల బస్సు సంగతి ఎవడికి తెలుసు? మొదట వచ్చిందే మనది.

అంతటి మనిషి, ఆస్ట్రేలియాలో అడిలైడ్‌కు దక్షిణాన మిడిల్టన్ బీచిలో, పదకొండు నెలలుగా ప్రతి శనివారం ఒక్క అలను ఎక్కలేక చస్తోంది.

అసలు ఎక్కలేదని కాదు. ఒడ్డు దగ్గర విరిగిపోయి, తెల్లటి నురుగుతో దొర్లుకుంటూ వచ్చే అలల మీద సర్ఫింగ్ బోర్డు వేసుకుని నిలబడడం మూడో నెలకే వచ్చేసింది. అవి ఆరేళ్ళ పిల్లలు కూడా ఎక్కుతారు, నవ్వుకుంటూ దిగుతారు. సుమకు కావలసింది లోపలి అల. ఇంకా విరగనిది, నున్నగా, పచ్చగా లేచి వచ్చేది. అలాంటి దాని మీద ఒక్కసారి, ఒకే ఒక్కసారి, రెండు కాళ్ళ మీద నిలబడాలి. నలభై ఒకటో ఏట పట్టుకున్న పిచ్చి ఇది. నీళ్ళంటే భయపడే మనిషి, ముప్ఫై ఎనిమిదేళ్ళకు ఈత నేర్చుకున్న మనిషి, నిద్రలో కూడా మంచం మీద బోర్లాపడి చేతులు ఆడిస్తోందని భర్త అభినవ్ ఊరంతా చెప్పుకున్నాడు.

ఆ ఒక్కసారికి ఇవాళ ఆఖరి రోజు. ఆలిస్ స్ప్రింగ్స్ ఆసుపత్రిలో సుమకు పెద్ద ఫార్మసిస్టు ఉద్యోగం వచ్చింది. అడిగి తెచ్చుకున్న ఉద్యోగమే, సంతోషమే. కానీ ఆ ఊరు ఇక్కడి నుంచి పదిహేను వందల కిలోమీటర్లు లోపలికి, ఎర్రమట్టి నడిబొడ్డున ఉంది. రేపు తెల్లారి కారులో బయలుదేరాలి. ఇవాళ మధ్యాహ్నం ఒంటిగంటకు మాసన్ లేక్స్‌లో అద్దె ఇంటి తాళాలు అప్పగించాలి. అభినవ్ అక్కడ మోకాళ్ళ మీద కూర్చుని ఓవెన్ తోముతున్నాడు. "పదకొండు కొట్టంగనే కార్ల ఉండాలె, లేకుంటే నేనే వచ్చి గుంజుకపోత" అని మరీ పంపాడు.

పదింటికి ముగ్గురూ ఇసుక మీద దిగారు. సుమ, ఆమె పదమూడేళ్ళ కూతురు గీతిక, ఇంకా ద్వారకానాథ్ అంకుల్.

ద్వారకానాథ్‌ది బందరు. ఓడరేవుల్లో అలల లెక్కలు కట్టి రిటైరైన ఇంజనీరు. ముప్ఫై ఏళ్ళు అలల మీదే బతికాడు గానీ, ఈత రాదు, పాదాలు దాటి తడిసింది లేదు. సుమ పనిచేసే ఫార్మసీకి బీపీ మాత్రలకు వచ్చి, ఈ పిచ్చి సంగతి విని, మరుసటి శనివారమే కారులో ముందు సీటు ఎక్కి కూర్చున్నాడు. అప్పటినుంచి మడత కుర్చీ, ఫ్లాస్కులో కాఫీ, మెడలో స్టాప్‌వాచి. అలకూ అలకూ మధ్య సెకన్లు లెక్కపెట్టడం ఆయనకు పేకాటలాంటిది. ఒకసారి కూర్చుంటే లేవడు.

"అబ్బో! అమ్మాయ్, ఇవాళ చూడు! పదిహేను సెకన్లు!" అన్నాడు కుర్చీ వేసుకుంటూనే. "అలకీ అలకీ పదిహేను! ఎక్కడో పెద్ద తుఫానే లేచింది."

సుమ వినలేదు. రబ్బరు వెట్‌సూట్ జిప్పు లాక్కుని, బోర్డు తాడు చీలమండకు కట్టుకుని అప్పటికే ఉరుకుతోంది. ఏప్రిల్ నీళ్ళు జివ్వుమన్నాయి. ఆకాశం కడిగినట్టుంది, గాలి లేదు, సముద్రం మీద ఎక్కడా ముడత లేదు. దూరంగా మాత్రం గీతలు గీతలుగా ఏవో కదులుతున్నాయి. ఇవాళే! ఇవాళ కాకపోతే ఇంకెప్పుడు!

లోపల నలుగురైదుగురు బోర్డుల మీద కాళ్ళు వేలాడేసి కూర్చున్నారు. సుమ వాళ్ళ పక్కకు చేరి ఊపిరి తీసుకుందో లేదో, మొదటి గీత దగ్గరికొచ్చింది. అంతే, గిరుక్కున తిరిగి చేతులు టపటపా ఆడించింది. మిగతావాళ్ళు కదల్లేదు. ఎప్పుడూ అంతే, పాపం, ఎంత మర్యాదస్థులో! వాళ్ళవైపు తిరిగి "థాంక్యూ!" అని కూడా అరిచింది. అల ఆమె కిందికొచ్చింది, నీరసంగా లేపింది, దించింది, తన దారిన పోయింది. సుమ మాత్రం ఒడ్డువైపు పదిహేను గజాలు జరిగిపోయి ఉంది. తల తిప్పి చూస్తే రెండోది. దాని వెనక మూడోది. అది ఎంత పెద్దదంటే, వెనకున్న మనుషులు కనిపించలేదు.

నెత్తి మీద పడింది. పైకి తేలి నోరు తెరిస్తే నాలుగోది పడింది. ఐదోది బోర్డును లాగింది, బోర్డు కాలిని లాగింది. ఆరోది పోయాక, ముక్కునిండా ఉప్పు, జుట్టునిండా ఇసుకతో సుమ ఒడ్డున తేలింది.

"మమ్, దట్స్ నంబర్ ఫార్టీ త్రీ" అంది గీతిక ఫోను దించుతూ. తల్లి పడిపోయిన వీడియోలన్నీ ఆ పిల్ల ఒకచోట దాస్తోంది. రోజూ రాత్రి నాన్నకు చూపించి ఇద్దరూ నవ్వుతారు.

"నవ్వు, నవ్వు! ఇయ్యాల చూపిస్త నీకు!" అంది సుమ దగ్గుతూ.

ద్వారకానాథ్ నవ్వలేదు. చేతిలోని స్టాప్‌వాచి వదిలేసి, ఈ పదకొండు నెలల్లో మొదటిసారి ఆమెను శ్రద్ధగా చూశాడు.

"అమ్మాయ్, ఒక మాట అడుగుతాను. ఎప్పుడూ ఆ మొదటి అలే ఎందుకు పడతావ్?"

"మరేం చేయాలె అంకుల్? దాని ఎనుక ఇంకోటి వస్తదో రాదో!"

"రాకేం? ఆరొస్తాయి! ఏడు నిమిషాలకోసారి, ఆరేసి చొప్పున, వరసపెట్టి వస్తాయి! వచ్చినప్పటినుంచీ నేను లెక్కపెడుతున్నదేవిటి మరి?"

"పదకొండు నెలలసంది చెప్పలేదేంది!"

"నువ్వు అడిగావా? నేను గడియారం చూస్తున్నాను గానీ నిన్ను చూస్తున్నానా?" ఆయనకు ఒక్కసారిగా హుషారు పుట్టింది. ఫ్లాస్కు మూతతో ఇసుకలో వంపులు గీయడం మొదలెట్టాడు. "ఇలా రా. మూడు రోజుల కిందట, ఇక్కడికి మూడు వేల కిలోమీటర్ల దూరంలో, నైరుతి మూల, నడిసముద్రంలో తుఫాను లేచింది. గాలి నీళ్ళని రుద్దింది. ముందు చిన్న ముడతలు. ముడత లేస్తే గాలికి పట్టు దొరుకుతుంది, ఇంకా తోస్తుంది. రోజంతా తోసేసరికి గుట్టలయ్యాయి. అక్కడ పొడుగూ పొట్టీ అంతా కలగాపులగం. బయలుదేరాక పొడుగాటివి ముందుకొచ్చేస్తాయి, పొట్టివి వెనకపడతాయి. ఒకే తీరువి కలిసి గుంపు కడతాయి. ఆ గుంపే ఇప్పుడు నీ నెత్తిన పడింది."

"బాగుంది. మరి మొదటిదానికేమైంది?"

"అదే చెప్తున్నా, ఆగు! నడిసముద్రంలో ఒక్కో అల గంటకి ఎనభై కిలోమీటర్ల పైన పోతుంది. గుంపు పోయేది అందులో సగం. అదెలా కుదురుతుంది? ముందున్న అల గుంపు దాటి అవతలికి పోగానే సన్నబడి చచ్చిపోతుంది. వెనకాల కొత్తది పుడుతుంది. దారి పొడుగునా అదే తంతు. నువ్వు ఆత్రంగా పట్టుకుంటావే ఆ మొదటిది, అది ప్రాణం పోతున్న అల తల్లీ! బలమంతా మధ్యలో ఉంటుంది. మూడోది, నాలుగోది."

సుమ ఇసుకలో కూలబడింది. మరి లోపల కూర్చున్న వాళ్ళు? మర్యాద లేదు, పాడూ లేదు. వాళ్ళు మూడోదాని కోసం చూస్తున్నారు! ఆమె ప్రతి శనివారం ఒక చచ్చిపోయే అలకు ఉరికి, వాళ్ళకు థాంక్యూలు చెప్పి, ఆ తర్వాత ఐదింటి కింద నలిగి వస్తోంది. పదకొండు నెలలు! సిగ్గుతో చెవులు వేడెక్కాయి. ఆ వెనకే నవ్వొచ్చింది, పొట్ట పట్టుకుని నవ్వింది.

"అంకుల్, ఒడ్డుకొచ్చినంక గూడ ఎనభై స్పీడే ఉంటదా?"

"ఎక్కడుంటుంది? లోతు తగ్గేసరికి కింద నేల అడ్డమొస్తుంది. వేగం పడిపోతుంది. ముందుది నెమ్మదించినా వెనకనుంచి తోసుకొచ్చేది ఆగదు కదా, అందుకని పైకి లేస్తుంది. లేచి లేచి, కింద లోతు చాలక, తల ముందుకి తూలి విరుగుతుంది. నువ్వు కూర్చునే చోట గంటకి పదహారు కిలోమీటర్లు, అంతకు మించదు."

పదహారు. సుమ ఆ అంకెను ఊరికే విన్నది. బోర్డు చంకన పెట్టుకుని మళ్ళీ ఉరికింది.

ఈసారి లోపలికి చేరి, అందరిలా కాళ్ళు వేలాడేసి కూర్చుంది. గుంపు వచ్చింది. మొదటి అల ఆమె ముందుకొచ్చి నిలబడితే, అబ్బ, ఎంత కష్టమైందో! ఖాళీ సీట్లతో ఉన్న బస్సును వదిలేసినట్టే ఉంది. చేతులు వాటంతటవే లేచాయి. బోర్డు అంచులు గట్టిగా పట్టుకుని కూర్చుంది. పోయింది. రెండోదీ పోయింది. మూడోది లేచింది, పచ్చగా, ఎత్తుగా, దానిలోంచి ఎండ కనిపిస్తూ. సుమ బోర్లా పడుకుని, ఇక అదే తీసుకుపోతుందని చేతులు కదపకుండా ఎదురుచూసింది.

తీసుకుపోలేదు. పైకి లేపింది, ఊగించింది, దించింది. నాలుగోదీ అంతే చేసింది. పక్కన ఒక ముసలాయన మాత్రం దాని మీద లేచి నిలబడి, జేబులో చేతులు పెట్టుకున్నంత తాపీగా ఒడ్డువైపు జారిపోయాడు.

"ఓరి నీ అల పాడుగాను!" అని సుమ నీళ్ళను చేత్తో కొట్టింది. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఉప్పునీళ్ళలో ఎవరికీ తెలియదు గనక ఏడ్చింది కూడా. మూడోదానిదాకా ఆగమన్నారు, ఆగింది. ఇంకేం చేయాలి? ఒడ్డునుంచి గీతిక రెండు చేతులూ ఊపుతోంది. తర్వాత పది వేళ్ళు చూపించింది. పది నిమిషాలే ఉన్నాయి. అంటే ఒక్క గుంపు. అదొక్కటే.

సుమ బోర్డు మీద కూర్చుని ఎదురుచూసింది. సముద్రం చప్పుడు లేకుండా పడుకుంది. ఒక నిమిషం గడిచింది, రెండు గడిచాయి. చిన్న చిన్న ఊపులు వచ్చి ఆమెను లేపి దించి పోతున్నాయి. పక్కన తేలుతున్న నాచు ముక్క కూడా లేస్తోంది, దిగుతోంది. చాలాసేపు చూసింది దాన్ని. అన్ని ఊపులు పోతున్నా అది ఉన్నచోటే ఉంది.

అంటే నీళ్ళు ఎక్కడికీ పోవడం లేదు! మూడు వేల కిలోమీటర్లు వచ్చింది నీళ్ళు కాదు, ఊపు. నీళ్ళు ఉన్నచోటే లేచి, గుండ్రంగా తిరిగి, మళ్ళీ అక్కడికే వస్తున్నాయి. నీళ్ళ మీద కదలకుండా పడుకున్న మనిషి కూడా నాచు ముక్కతో సమానమే. లేపుతుంది, దింపుతుంది. దానికి ఆమెను తీసుకుపోయే పనేముంది?

మరి ఆ ముసలాయన్ను ఎందుకు తీసుకుపోయింది? అల రాకముందు ఆయన ఏం చేశాడు? తిరిగాడు. నాలుగు బారలు వేశాడు. గట్టిగా వేశాడు. అల వచ్చేసరికి ఆయన అప్పటికే పోతున్నాడు.

గంటకి పదహారు కిలోమీటర్లు!

"హయ్యో!" అని సుమ పైకే అరిచింది. స్టాండులోకి మలుపు తిరిగే బస్సు ఎంత వేగంలో ఉంటుంది? అంతే ఉంటుంది! కదిలే బస్సు కడ్డీని నిలబడి పట్టుకుంటే చెయ్యి ఊడుతుంది. ఆ సంగతి ఆమెకు తెలియనిదా? దాని పక్కన, దానితో సమానంగా ఉరకాలి. సమానమైనాక కాలు పెట్టాలి. అప్పుడు బస్సు కదులుతున్నట్టే ఉండదు, మెట్టు మీద మెత్తగా కాలు పడుతుంది. ఈ పని ఆమె వెయ్యిసార్లు చేసింది. పుస్తకాలు చంకన పెట్టుకుని, చున్నీ నడుముకు చుట్టుకుని, వానలో, చెప్పులు తెగిన రోజున కూడా చేసింది. ఇక్కడికొచ్చి మాత్రం, సముద్రమంటే ఏదో పెద్దింటి వ్యవహారమనుకుని, చేతులు కట్టుకుని ఎదురుచూస్తోంది!

ఒడ్డున గీతిక ఇప్పుడు రెండే వేళ్ళు చూపిస్తోంది. ద్వారకానాథ్ కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. ఏడు నిమిషాలన్న గుంపు తొమ్మిది నిమిషాలైనా రాలేదు. దేవుడా, రాదేమో! వచ్చింది. దూరంగా ఒక గీత నల్లబడింది, దాని వెనక ఇంకొకటి.

"యువర్స్?" అన్నాడు, అప్పటికి మళ్ళీ లోపలికి వచ్చిన ముసలాయన మొదటి అలను చూపించి. పదకొండు నెలలుగా ఆమె పద్ధతి ఆయనకూ తెలిసిపోయినట్టుంది.

"నో, నో! లెట్ ఇట్ గో!" అంది సుమ.

ఆయన కనుబొమలు ఎగరేసి నవ్వాడు. మొదటిది పోయింది. రెండోది కిందనుంచి పోతుంటే దాని వీపు మీదనుంచి మూడోది కనిపించింది. అమ్మో! గోడలా వస్తోంది. సుమ బోర్డు ఒడ్డువైపు తిప్పింది. ఇంకా దూరముంది, అయినా మొదలుపెట్టింది. ఒక బార. రెండు. మోచేతులదాకా నీళ్ళలోకి దించి తోస్తోంది. జబ్బలు మండుతున్నాయి. అల ఇంకా తాకలేదు, ఆమె ఉరుకుతూనే ఉంది. వెనకనుంచి గుయ్‌మని చప్పుడు దగ్గరైంది. ఉరుకు సుమా, ఉరుకు! కడ్డీ పట్టుకోకు, ఇంకా ఉరుకు!

బోర్డు తోక లేచింది. ముక్కు కిందికి వాలింది. ఆ క్షణంలో అల వేగం, ఆమె వేగం ఒక్కటయ్యాయి, ఒక్కసారిగా అంతా తేలికైపోయింది. చేతులు ఇంకో రెండు బారలు వేసి ఆగాయి. ఆపినా బోర్డు పోతూనే ఉంది!

సుమ లేచి నిలబడింది.

కాళ్ళ కింద నీళ్ళు పచ్చగా, నున్నగా పైకి లేస్తున్నాయి, ఆమె వాటి మీదనుంచి కిందికి జారుతోంది, ఎంత జారినా అల కొత్తగా లేస్తూనే ఉంది. ఎడమపక్కన తెల్లటి నురుగు వెంటపడుతోంది. కుడిపక్కన గోడ ఇంకా విరగలేదు. ఆమె ఎప్పుడు వంగిందో, ఎప్పుడు కుడికి మళ్ళిందో తెలియదు, బోర్డు మళ్ళింది. గాలి చెవుల్లో ఈల వేస్తోంది. "వచ్చిన్నే! వచ్చిన్నే!" అని అరుస్తోంది సుమ. ఎవరితో అరుస్తోందో ఆమెకే తెలియదు. ముందర నురుగులో ఆడుకుంటున్న ఇద్దరు తెల్లపిల్లలు బోర్డులతో దారికి అడ్డంగా కనిపించారు.

"జరుగుండ్రి! జరుగుండ్రి! అరే, జరుగుండ్రి రా!"

భాష ఏమర్థమైందో గానీ పిల్లలు చెరో పక్కకు దూకారు. సుమ వాళ్ళ మధ్యనుంచి దూసుకుపోయింది. అల మోకాలి ఎత్తుకు తగ్గింది, చీలమండకు తగ్గింది, ఇసుక మీద పల్చగా పరుచుకుంది. బోర్డు కిందివైపు రెక్క ఇసుకను గీరుకుని ఆగింది. ఆమె ఇంకా నిలబడే ఉంది.

"అమ్మా! నిలబడ్డవ్! అమ్మా, నువ్వు నిలబడ్డవ్!"

గీతిక నీళ్ళు చిమ్ముకుంటూ వచ్చి తల్లి నడుము పట్టుకుని గుద్దుకుంది. ఇద్దరూ వెనక్కి పడ్డారు. ఆ పిల్ల నోటినుంచి ఇంత పెద్ద తెలుగు వచ్చి ఎన్నేళ్ళయిందో. సుమకు ఆ సమయంలో అది తట్టలేదు. కూతురి చెంపలు పట్టుకుని ముద్దులు పెట్టింది.

"తీసినవా బిడ్డా? వీడియో తీసినవా?"

గీతిక మొహం పాలిపోయింది. చేతిలో ఫోను ఉంది, దానిలోంచి నీళ్ళు కారుతున్నాయి. "ఐ ఫర్గాట్, మమ్. ఐ వాజ్ జంపింగ్. అయామ్ సో సారీ." పడిపోయినవి నలభై మూడూ భద్రంగా ఉన్నాయి. నిలబడిన ఒక్కటీ లేదు.

సుమ పకపకా నవ్వింది. "పోతే పోనీ! అంకుల్ టైం చూసే ఉంటడు. అంకుల్! ఎన్ని సెకన్లు?"

కుర్చీ ఖాళీగా ఉంది. ద్వారకానాథ్ ఒడ్డున లేడు. బూట్లతో, ప్యాంటుతో, నడుము లోతు నీళ్ళలో నిలబడి ఉన్నాడు, రెండు చేతులూ పైకెత్తి. ఎప్పుడు దిగాడో ఆయనకూ తెలియదు. ఒక చిన్న అల వచ్చి కడుపుకు కొడితే, అప్పుడు కిందికి చూసుకుని "ఓర్నాయనో!" అన్నాడు. తల్లీకూతుళ్ళు చెరో రెక్క పట్టుకుని ఒడ్డుకు తెచ్చారు.

"ఎంతసేపు నిలబడ్డ అంకుల్? చెప్పుండ్రి!"

ఆయన మెడలోని స్టాప్‌వాచి తిప్పి చూశాడు. రెండు నిమిషాల నలభై సెకన్లు. నలభై ఒకటి. నలభై రెండు.

"నొక్కడం నొక్కాను గానీ ఆపడం మర్చిపోయానమ్మాయ్" అన్నాడు, తప్పు చేసిన పిల్లాడిలా. ముప్ఫై ఏళ్ళ ఉద్యోగంలో ఒక్క అల లెక్క తప్పని మనిషి. "ఇప్పుడు ఆపెయ్యనా?"

సుమ సముద్రం వైపు చూసింది. నాలుగోది, ఐదోది, ఆరోది వరసగా వచ్చి విరిగి పోయాయి. గుంపు అయిపోయింది. పదకొండు దాటింది. ఇంటి దగ్గర అభినవ్ గుమ్మంలో నిలబడి తిట్టుకుంటూ ఉంటాడు.

"వద్దు అంకుల్, ఆపకుండ్రి" అంది. "ఇంకా నిల్చునే ఉన్న గద."

ద్వారకానాథ్ ఆపలేదు. మెడలోంచి తీసి, నడుస్తున్న గడియారాన్ని అలాగే ఆమె తడి చేతిలో పెట్టాడు.